సీసాలో ఎలుగుబంటి

యానరూమి కొండ,
1984 ఫిబ్రవరి 9

ఇందుమూలంగా కొండ మీదివాళ్ళకూ, కొండ కిందివాళ్ళకూ, ఉప్పునీళ్ళ ఒడ్డున కాపురముంటూ మమ్మల్ని మరిచిపోయినవాళ్ళకూ చాటించడమేమంటే: ఈ తేదీ నుంచి మా ఎర్రకోడి నా టోపీలో గుడ్డు పెట్టడం పూర్తిగా నిషేధించడమైనది. ఆజ్ఞ మీరితే కోడిని ఏమీ అనము. టోపీనే ఇంకో మేకుకు తగిలిస్తాము. ఇట్లు, మెల్చోర్ చిలుయిసా, సదరు టోపీ హక్కుదారు.

అక్కా ఎర్మెలిందా,

రాజాజ్ఞ అయిపోయింది, ఇక మన మాటలు. నీ ఉత్తరం బస్సు క్లీనరు తెచ్చిచ్చాడు. దాన్నిండా చేపల వాసన. మా ఆవిడ ఉత్తరాన్ని వాసన చూసి, నన్ను ఎగాదిగా చూసి, "ఎవతె ఇది?" అంది. మా అక్కేనన్నాను. ఇంకా నమ్మినట్టు లేదు.

నీ మనవరాలికి ఏడాదిన్నర దాటినా నడక రాలేదనీ, మోకాళ్ళకు రాయడానికి ఎలుగు కొవ్వు పంపమనీ రాశావు. నిజమే, చిన్నప్పుడు మనకూ అమ్మ రాసింది. నీ కాళ్ళకు కాస్త ఎక్కువ రాసినట్టుంది, కొండ దిగినదానివి సముద్రం అడ్డొచ్చేదాకా ఆగలేదు.

కానీ అక్కా, ఎలుగు కొవ్వు కొట్లో దొరకదు. ఎలుగు దగ్గరే ఉంటుంది. అదేమో అడిగితే ఇచ్చే రకం కాదు. మా బావమరిది రొసెండోకి తుపాకీ ఉంది, పిలవకుండానే వస్తాడు. నాకే మనసొప్పడం లేదు. పైన గడ్డినేల దాటాక ముళ్ళదుబ్బుల వాలు ఉంది చూడు, అక్కడ ఒక ఎలుగు మకాం పెట్టింది. కళ్ళ చుట్టూ తెల్లచారలు, అచ్చం నన్ను మూడో తరగతిలోంచి గెంటేసిన పంతులు కళ్ళజోడే. ముళ్ళాకులు ఒక్కోటే పీకి పక్కన పేర్చుకుని, లోపలి తెల్లటి మొవ్వు తింటుంది. తిన్నాక మూతి తుడుచుకుంటుంది. మా బావకన్నా మర్యాద తెలిసిన జీవం. అలాంటిదాన్ని కాల్చమని ఏ నోటితో చెప్పను? ఆలోచించి రాస్తాను.

అయినా పిల్లకు మంచు అని అర్థం వచ్చేలా నియేవెస్ అని పేరు పెట్టి, ఆ ఎండలో పెంచుతుంటే కాళ్ళు కరిగిపోక ఏం చేస్తాయి?

నీ తమ్ముడు,
మెల్చోర్


బోకా వియేహా రేవు,
ఫిబ్రవరి 20

ఒరేయ్ మెల్చోర్,

నీ తలకన్నా ఆ కోడే టోపీని బాగా వాడుకుంటోంది. దాని జోలికి పోకు.

నువ్వు నవ్విస్తే నవ్వే స్థితిలో లేను. మా అత్త పక్కింటికి వినబడేలా, "కొండ రక్తం కదమ్మా, చలికి బిగుసుకుపోయిన కాళ్ళు" అంటోంది. ఇన్నేళ్ళు కాపురం చేసినా నేనిక్కడ కొండమనిషినే. వాళ్ళతో సమానంగా మడ అడవిలోకి దిగుతాను, తొడల్లోతు బురదలో గుల్లలేరుతాను, దోమలు పోవాలని నోట్లో చుట్ట పెట్టుకుంటాను. నీకు తెలీదులే, మీ ఆవిడ ముందు చదవకు. అయినా పిల్ల లేచి నిలబడకపోతే ఆ తప్పు నాదే.

ఇవి పీతలు నడిచే రోజులు. నీలిపీతలన్నీ కన్నాల్లోంచి బయటికొచ్చి, జత వెతుక్కుంటూ బురద మీద ఊరేగుతాయి. ఈ రోజుల్లో వాటిని పట్టకూడదని మా ఊరి కట్టుబాటు. గట్టు మీద కూచుని చూస్తామంతే. నిన్న నియేవెస్‌ని ఒళ్ళో పెట్టుకుని చూశాను. అన్నేసి కాళ్ళున్నవి తడబడకుండా పోతున్నాయి, రెండు కాళ్ళది నా ఒళ్ళో ఉంది. వాటి వెంట పోవాలని చేతులు చాపింది. నాకు ఏడుపాగలేదు.

నీ ఎలుగు మూతి తుడుచుకుంటే నాకేం, తుడుచుకోకపోతే నాకేం. కొవ్వు పంపు.

మీ అక్క

మీ బావ చెప్పమంటున్నారు: తనూ మూతి తుడుచుకుంటారట, చొక్కాకి.


యానరూమి,
మార్చి 4

అక్కా,

బస్సు డ్రైవరు దగ్గర గుడ్డలో చుట్టిన సీసా తీసుకో. మూత తీసేటప్పుడు ముక్కు పక్కకు తిప్పుకో.

ఇక వేట కథ విను. తెల్లారగట్ల నేనూ రొసెండో ఎక్కాం. మంచు ఎంత దట్టమంటే, నా ముందు నడిచేది రొసెండోనా వాడి పొగరా అన్నది తెలీలేదు. పైన కొండ రాబందు ఒకటి రెక్క కదపకుండా తిరుగుతూ దారి చూపించింది. దుబ్బుల మధ్య ఎలుగు మమ్మల్ని చూసి రెండు కాళ్ళ మీద లేచి నిలబడింది. మర్యాదకు నేను టోపీ తీశాను. రొసెండో మర్యాద లేనివాడు, కాల్చాడు. అది పడితే కొండంతా ఒక్కసారి నిట్టూర్చినట్టయింది. కొవ్వు నా చేత్తోనే కాచి వడకట్టాను. నువ్వేం బెంగపెట్టుకోకు. మా కొండ నిండా ఎలుగులే, ఒకటి పోతే నాలుగొస్తాయి.

వాడే పద్ధతి జాగ్రత్తగా చదువు. పొద్దున్నే కొండవైపు తిరిగి మోకాళ్ళకు రాయాలి. రాశాక పిల్ల రెండు చేతులూ పట్టుకుని, నీ నడుం విరిగేదాకా బురదగట్టు మీద పీతల వెంట నడిపించాలి. రోజూ. అన్నిటికన్నా ముఖ్యం: రాసేటప్పుడు మీ అత్త అక్కడే కూచుని నోరు మూసుకుని ఉండాలి. ఒక్క మాట మాట్లాడినా మందు విరిగిపోతుంది.

మెల్చోర్


బోకా వియేహా,
మార్చి 29

నా బంగారు తమ్ముడూ,

నడిచింది! నిన్న పొద్దున గట్టు మీద నా వేళ్ళు విడిపించుకుని, ఒక పీత వెనకాలే పోయింది. పీత పక్కకి పోతే ఇదీ పక్కకి పోయింది. పీత కన్నంలో దూరాక ఏం చెయ్యాలో తోచక నిలబడి నావైపు తిరిగి చూసింది. గూడబాతులు నీటిమీంచి లేస్తున్నాయి, మా అత్త లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పాపం, ఇన్నాళ్ళూ మందు విరుగుతుందని పొద్దుటిపూట ఒక్క మాట మాట్లాడలేదురా. నా కాపురంలో ఇంత ప్రశాంతమైన పొద్దులు నేనెరగను.

ఇప్పుడు ఊరంతా మా ఇంట్లోనే ఉంది. "కొండమనిషి" పోయి "కొండమ్మగారు" అయ్యాను. లూర్దెస్ అని మాతో గుల్లలేరే ఆమె ఉంది, కొడుక్కి కాలు వంకర. సీసా అడుగున మిగిలింది వేలితో గీరి తీసుకెళ్ళింది.

ఇంకో మంచి కబురు. బౌదీలియో అని కొవ్వుల వ్యాపారి ఒకడు సంతల్లో బల్ల వేస్తాడు. మెడలో బతికున్న కొండచిలువ, నోట్లో బతికున్న అబద్ధం. తూర్పు అడవి కొండచిలువ కొవ్వు కీళ్ళకట, నదీ తాబేలు కొవ్వు మొహానికట, మొసలి కొవ్వు దగ్గుకట. ఈ దేశంలో కాళ్ళున్నవీ లేనివీ అన్నీ వాడి బల్ల మీద సీసాల్లో ఉంటాయి. "ఎలుగు ఒక్కటే నా దగ్గర లేదమ్మా" అన్నాడు. నీ పేరూ, రొసెండో పేరూ, ఆ వాలు గుర్తులూ అన్నీ చెప్పాను. ఊళ్ళోవాళ్ళు కావాలన్న సీసాలు రాసుకున్నాడు. ఇక్కడి సంతలు కాగానే మీ కొండకు వస్తాడు. నీ కొండ నిండా ఎలుగులేనన్నావుగా, నాలుగు వాడికివ్వండి.

మీ అక్క


యానరూమి,
ఏప్రిల్ 6

అక్కా,

ఈ ఉత్తరంలో కోడి లేదు, టోపీ లేదు. కూచుని చదువు.

అది ఎలుగు కొవ్వు కాదు. పంది కొవ్వు. మా మచ్చల పందిది. నమ్మేలా ఉండాలని ముళ్ళదుబ్బు మంట మీద పొగ పట్టించాను, రొసెండో కుక్క వెంట్రుకలు రెండు వేశాను. వేటకు పోలేదు. తుపాకీ పేలలేదు. ఆ పూట రొసెండో బంగాళదుంపలు తవ్వుతున్నాడు. నేను పొయ్యి దగ్గర కూచుని నీకోసం ఎలుగును చంపుతున్నాను, కాగితం మీద.

పిల్ల నడవాలనే పంపాను, ఎగతాళికి కాదు. కాల్చు అనడానికి నోరు రాలేదు, లేదనడానికి నీ మొహం గుర్తొచ్చింది. మధ్యలో పంది దొరికింది.

ఆ బౌదీలియోని ఆపు. రొసెండో చెవిన పడిందంటే ఇక ఆగడు. ఇక్కడ ఎలుగులు గుంపులుగా ఉంటాయన్నది కూడా నా నోటి దూలే. ఆ వాలులో ఉన్నది ఒక్కటే.

మెల్చోర్


బోకా వియేహా,
ఏప్రిల్ 14

ఒరేయ్,

నీ మాట నమ్మాలా? మన చిన్నాన్న చచ్చిపోయాడని ఉత్తరం రాసి, ఆ ఉత్తరం చిన్నాన్న చేతికే ఇచ్చి పంపినవాడివి! ఆయన గుమ్మంలో నిలబడి, నేను చదివి గుండెలు బాదుకుంటుంటే, "ఎవరమ్మా పోయింది?" అని అడిగాడు. అలాంటివాడివి ఇప్పుడు పందిని ఎలుగంటావు, ఎలుగును పందంటావు.

నాకు తెలుసులే. వ్యాపారం మీ ఇద్దరిలోనే ఉంచుకోవాలని రొసెండో రాయించాడు. పంది కొవ్వుతో కాళ్ళొచ్చేట్టయితే మా అత్త ఈపాటికి పరిగెత్తాలి, ఆవిడ తినేదంతా అదే. నా కళ్ళతో చూశాను, పిల్ల నడిచింది. ఇప్పుడు పందీ అంటే ఏం చెయ్యమంటావు? మళ్ళీ కొండమనిషిని కావాలా?

బౌదీలియో నిన్ననే బస్సెక్కాడు. మర్యాదగా చూసుకో.

అక్క


యానరూమి,
ఏప్రిల్ 24

అక్కా,

వచ్చాడు. పాముతో సహా. దానికి మా చలి పడలేదు, తాడులా బిగుసుకుపోయింది. ఇప్పుడు మా పొయ్యి పక్కన నా కంబళిలో పడుకుని ఉంది, నేను చలికి వణుకుతూ రాస్తున్నాను. మా ఆవిడ పుట్టింటికి పోతానంటోంది. పుట్టిల్లంటే రొసెండో ఇల్లే, రెండు గోడలవతల. ఇంకా దూరంగా పొమ్మన్నాను.

నిన్న ఊరిమధ్య జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. బౌదీలియో సీసాలన్నీ పేర్చి, "రొసెండో ఎవరయ్యా, ఎలుగును కొట్టిన వీరుడు?" అన్నాడు.

రొసెండో తెల్లమొహం వేశాడు. "నేనెప్పుడు కొట్టాను బావా?"

"కొట్టలేదు" అన్నాను.

"చూశారా, బేరం నేర్చినవాళ్ళు" అని బౌదీలియో నవ్వాడు. "సరే, సీసాకి ఇంకాస్త వేసుకో."

"అయ్యా, నిజంగానే కొట్టలేదండీ" అన్నాడు రొసెండో.

"ఇంకాస్త వేసుకో."

మా రొసెండో పుట్టాక నిజం చెప్పింది ఆ రెండుసార్లే. చెప్పినకొద్దీ ధర పెరుగుతుంటే ఏ మనిషి ఆగుతాడు? చివరికి నావైపు తిరిగి, "కొట్టలేదనేగా బావా గొడవ? కొడితే పోలా?" అన్నాడు.

పందీ అని అరిచాను. ఊరంతా నవ్వింది. నేను ఏది అరిచినా నవ్వడం వీళ్ళకలవాటు, ఆ అలవాటు చేసింది నేనే. ఇంతకాలం నా మాటకు జనం నవ్వితే అదొక ఆస్తి అనుకున్నాను.

వానలకు దారి జారుడుగా ఉంది. తగ్గగానే ఎక్కుతారు. అందాకా పామును సాకే వంకతో వాణ్ణి మా ఇంట్లోనే కట్టేసి ఉంచాను.

అక్కా, ఇదొక్కటి విను. మొన్న పొద్దున వాన తెరిపిచ్చినప్పుడు ఒక్కణ్ణే వాలు దాకా పోయాను. అది ఒంటరిది కాదు. పిల్ల ఉంది. తల్లి ముళ్ళాకులు పీకి, మొవ్వు తీసి, పంటితో మెత్తన చేసి పిల్ల ముందు పెడుతోంది. పిల్లకు ఒక కంటి చుట్టూ మాత్రమే తెల్లచార, ఇంకో కన్ను దిద్దడం మరిచిపోయినట్టు. ముళ్ళాకు ముక్కులో గుచ్చుకుని తుమ్మింది. తల్లి దాని మూతి నాకి, మళ్ళీ పక్కన కూచోబెట్టుకుంది. పిల్ల లేవబోయి, కాళ్ళు తడబడి, వెనక్కి కూలబడింది. తల్లి చెయ్యి అడ్డం పెట్టింది. అచ్చం నువ్వు గట్టు మీద నియేవెస్‌కి పెట్టి ఉంటావే, అట్లా.

నా మాట ఇక్కడ చెల్లదు. బౌదీలియో వచ్చింది నీ మాట మీద. సీసాలు కావాలన్నది నీ ఊరివాళ్ళు. నువ్వు వాళ్ళ ముందు నిలబడి, పిల్లకు రాసింది పంది కొవ్వేనని చెబితే వాళ్ళు వద్దంటారు. వాళ్ళు వద్దంటే వీడికి ఎలుగుతో పనిలేదు. దానివల్ల నీకేం పోతుందో నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను.

మెల్చోర్


బోకా వియేహా,
మే 3

తమ్ముడూ,

మా ఊరివాళ్ళు సీసాలు వద్దన్నారని నేనిచ్చిన టెలిగ్రాం బౌదీలియోకి అంది ఉంటుంది. ఏం జరిగిందో ఇప్పుడు రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి రోజంతా నీమీద మండిపడ్డాను. సాయంత్రం నియేవెస్ గుమ్మం దాటబోయి కూలబడింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. పెట్టాక నా చేతివైపు చూసుకున్నాను. అంతేరా. ఆ పిల్ల ఎలుగు లేకపోతే నేను చెప్పి ఉండేదాన్ని కాదు, నీ పందిని జన్మలో ఒప్పుకునేదాన్ని కాదు.

మర్నాడు పడవలన్నీ ఒడ్డుకొచ్చి అందరూ గుల్లలు కడుగుతుంటే మధ్యలో నిలబడి చెప్పాను. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకామె, "అయితే మనం మోకాళ్ళకు రాసుకోవాల్సింది వేపుడులో వేసుకున్నామా, వేపుడులో వేసుకోవాల్సింది మోకాళ్ళకు రాశామా?" అంది. ఇక ఆ నవ్వులకు చెట్ల మీది పక్షులు లేచిపోయాయి. మా అత్త మాత్రం, "పంది మందుకు నా నోరెందుకు కట్టేశాడు వాడు?" అని లేచింది. నెల రోజులు దాచుకున్న మాటలన్నీ ఆ పూటే నామీద కుమ్మరించింది. ఇప్పుడు నా పేరు పందికొవ్వు డాక్టరమ్మ. పడవ మీద పోయేవాళ్ళు కూడా ఆ పేరే పిలుస్తున్నారు. మీ బావ ఒకణ్ణి కొట్టబోయారు, తర్వాత ఆయనకే నవ్వొచ్చింది.

లూర్దెస్ నవ్వలేదు. కొడుకు కోసం రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంది. గుల్లల బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు మడలోకి నా పక్కన దిగడం లేదు. ఆ ఒక్కటే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. పిల్లాడి కాలు గురించి నువ్వు జోకెయ్యకు.

నియేవెస్ పరిగెడుతోంది. కొవ్వు చేసిన పనో, పీతలు చేసిన పనో, దాని టైము వచ్చిందో, ఇక నేను ఆలోచించను.

ఆ పిల్ల ఎలుగు ఎలా ఉంది? ఒంటికంటి చారది. మళ్ళీ చూశావా? రాయి. నియేవెస్‌కి రోజూ దాని కథే చెబుతున్నాను. ముక్కులో ముల్లు గుచ్చుకునే చోట ఇదీ తుమ్ముతుంది.

మీ అక్క


యానరూమి,
మే 15

అక్కా,

బౌదీలియో పోయాడు. నీ టెలిగ్రాం చదివి, సీసాలు సర్దుకుని, "మీ ఇంటిల్లిపాదీ దగాకోర్లు" అన్నాడు. మా ఇంటి గురించి బయటివాడు అన్న మాటల్లో ఇదే నిజానికి దగ్గర. పామును కంబళిలోంచి తీస్తుంటే అది నన్ను వదలనంది. రొసెండో నాతో మాట్లాడ్డం లేదు. ఎదురైతే తుపాకీని మేఘాలకు చూపిస్తూ పోతున్నాడు. కొనేవాడు లేడు కాబట్టి వాలుకైతే పోలేదు.

లూర్దెస్‌కు ఏం చెప్పాలో నాకు తోచలేదు. జోకు వెయ్యను. పిల్లాణ్ణి తీసుకుని, మాకు దగ్గరే ఉన్న రాజధాని కీటోకు రమ్మను. అక్కడ ఎముకల డాక్టర్లున్నారు, బస్సు దిగేచోట నేనుంటాను. ఎన్ని రోజులైనా మా ఇంట్లో దిగమను. మా ఆవిడకి చెప్పాను, చేపల వాసనొస్తే ఓర్చుకుంటానంది. లూర్దెస్ రానంటే మళ్ళీ అడుగు. నామీద కోపంతో రానంటే, నేను కనబడనులే, మా ఆవిడే వస్తుందని చెప్పు.

నువ్వు పిల్ల ఎలుగు గురించి అడిగావు కదా. నీకు రాయడానికి ఏదైనా దొరుకుతుందని వరసగా పొద్దున్నే వాలుకు పోయి కూచుంటున్నాను. గడ్డిలోంచి నక్క వచ్చి నా మధ్యాహ్నపు మూట వాసన చూసిపోయింది. జింక ఒకటి నీళ్ళు తాగి, తల ఎత్తి నన్ను చూసింది, మళ్ళీ తాగింది. చలికి రెక్కలు బిగిసి కొమ్మకు అంటుకుపోయిన తేనెపిట్ట, ఎండ తగలగానే నా చెవి పక్కనుంచే ఎగిరిపోయింది. రాబందు నీడ నా మీదుగా పోయింది, నేను చచ్చానో లేదో చూసుకోవడానికి కాబోలు. ఇన్నాళ్ళూ ఇవన్నీ ఇక్కడే ఉన్నాయి. ఎప్పుడూ కూచుని చూసినవాణ్ణి కాదు.

కొత్తగా పీకిన ముళ్ళాకుల కుప్ప ఉంది. తెల్లటి మొవ్వు మీద పంటిగాట్లు ఇంకా తడిగానే ఉన్నాయి. ముళ్ళకు నల్లటి వెంట్రుకలు చిక్కుకున్నాయి. అది వచ్చి పోయింది, నేను వచ్చేలోపల.

నియేవెస్‌కి కథ మానెయ్యకు. కానీ నువ్వు నీ ఊరి ముందు నిలబడి నిజం చెప్పావు, నీకు నేను బాకీ ఉన్నాను. ఒంటికంటి చారది నేను పుట్టించిందే. పిల్ల లేదు, తుమ్ము లేదు, తల్లి చెయ్యి అడ్డం పెట్టడమూ లేదు. నాకు తెలిసింది ఆ ఆకుల కుప్పలూ, ఆ వెంట్రుకలూ అంతే. ఈ కొండ మీద పుట్టి ఇంతవాణ్ణయ్యాను అక్కా, ఎలుగుబంటిని ఒక్కసారి కూడా కళ్ళతో చూడలేదు.

మెల్చోర్